పరుగు కాయకమగునా?

మన కుటుంబములలోని యువతీయువకులు కొందరు ఇటీవల మారథాన్ పరుగునకు సాధన చేయుచున్నారు. హైదరాబాదు, బెంగుళూరు వంటి నగరములలో ఉద్యోగములు చేయువారు తెల్లవారుజామున నాలుగు గంటలకే లేచి, వీధిదీపముల వెలుగులో పరుగెత్తుచున్నారు. వారిలో ఒకరిద్దరు "ఇదియే మా కాయకము" అని చెప్పుట ఈ వ్యాసకర్త చెవిని బడినది. మాట వినుటకు ఇంపుగానే యున్నది. కాని బసవేశ్వరుడును, ఆయనతోడి శరణులును కాయకమను పదమును ఊరక వాడలేదు. కావున దీనిని కొంచెము నిదానించి విచారింపవలసి యున్నది.

మొదట పరుగు సంగతి. మారథాన్ దూరము 42 కిలోమీటర్ల 195 మీటర్లు. 1896లో ఏథెన్సు నగరమున జరిగిన తొలి ఆధునిక ఒలింపిక్ క్రీడలలో అది సుమారు 40 కిలోమీటర్లే. ఇప్పటి కొలత 1908 లండన్ క్రీడలలో వచ్చి, 1921లో స్థిరపడినది. మన దేశపు సైనికుడు శివనాథ్ సింగ్ 1976 మాంట్రియల్ ఒలింపిక్ క్రీడలలో పదునొకండవ స్థానమున నిలిచి, 1978లో జలంధరులో 2 గంటల 12 నిమిషములలో ఈ దూరమును ముగించెను. అట్టివారి మాట వేరు. సామాన్యునికి నాలుగైదు గంటలు పట్టును. దానికి ముందు నాలుగైదు మాసముల సాధన పట్టును.

ఇక కాయకము. దేహముతో చేయు శ్రమ యంతయు కాయకము కాదు. అది సత్యశుద్ధమై యుండవలెను. దాని ఫలము దాసోహమునకు చేరవలెను. మడివాళ మాచయ్య బట్టలుతికెను. ఒకరు శుభ్రవస్త్రము ధరించిరి. అంబిగర చౌడయ్య పడవ నడిపెను. ఒకరు ఏరు దాటిరి. పరుగెత్తువాని వెనుక బాటపై ఏమి మిగులుచున్నది? అదే వీధిలో, అదే వేళకు, చీపురు చేతబట్టి ఊడ్చు స్త్రీ యొకతె యుండును. ఇద్దరికిని చెమట పట్టును. ఆమెది కాయకము, అతనిది కాదు. ఈ భేదమును మరచినచో పండ్రెండవ శతాబ్దమున కల్యాణములో జరిగినదానినే మరచినట్లగును. వేలకొలది రూపాయల బూట్లు తొడిగి, వేళయు దూరమును తానే ఎంచుకొని పడు శ్రమను, కూటికొరకు పడు శ్రమతో సమానము చేయుట న్యాయము కాదు.

అంతమాత్రమున పరుగు వ్యర్థమని తీర్మానింపరాదు. కాయకము కాకున్నను అది ఒక నేమము కాగలదు. నేమమునకు దానిదైన ఫలము గలదు.

ఈ సాధనలో పాఠక మహాశయులు గమనింపదగిన విషయ మొకటి యున్నది. శిక్షణ నిచ్చువారు ఎక్కువ దినములు మెల్లగానే పరుగెత్తుమందురు. గుండె బలపడుట, కండరములలో సన్నని రక్తనాళములు పెరుగుట త్వరపెట్టినంత మాత్రమున జరుగవు. అలసిన కండరము బాగుపడునది పరుగులో కాదు, విశ్రాంతిలో, నిద్రలో. క్రొత్తవాడు దీనిని నమ్మడు. ఉత్సాహము పొంగినప్పుడు 12 కిలోమీటర్లని చెప్పినచోట 18 పరుగెత్తును. పిదప మోకాలు వాచి నెల దినములు మంచమెక్కును.

ఇచ్చట ఆయ్దక్కి లక్కమ్మ జ్ఞప్తికి రావలెను. ఆమె భర్త మారయ్య నేలరాలిన బియ్యపుగింజల నేరి తెచ్చి, దానితో జంగమ దాసోహము నడుపుచుండెడివాడు. ఒకనాడు నిత్యముకంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. లక్కమ్మ ఆ యెక్కువను మరల తీసికొనిపోయి అచ్చటనే పోసి రమ్మనెను. ఆలోచింపుడు: మారయ్య దొంగిలింపలేదు, తన సుఖమునకు తేలేదు. అయినను ఆ పిడికెడు అధికములో ఆమె ఆశను చూచెను. అధికముగా చేయుటయే భక్తి యను భ్రమ మనలో ఎందరికో కలదు. శ్రావణమాసమున లక్ష జపమునకు పూనుకొని, కార్తికము నాటికి నిత్యపూజనే వదలినవారిని ఈ వ్యాసకర్త ఎరుగును. చెప్పినంతయే చేసి ఆగుట, ఆగుటకు శక్తి యుండగనే ఆగుట, పరుగెత్తుటకంటె కష్టము.

ముప్పది కిలోమీటర్లు దాటు వేళకు కాలేయములోను కండరములలోను నిలువయున్న గ్లైకోజెన్ చాలవరకు తరిగిపోవును. కాళ్లు బరువెక్కును. అచ్చట దైవదర్శన మగునని కొందరు వ్రాయుదురు. నాకు నమ్మకము లేదు. అచ్చట క్రొత్త బల మేదియు రాదు. నాలుగు మాసములు ఎవరును చూడని వేళ కూడబెట్టినదే వెచ్చమగును.

విశ్వాసము సంగతియు నట్టిదే. ఈ వ్యాసకర్త తండ్రిగారు చివరి దినములలో ఆసుపత్రిలో నుండిరి. మాట పడిపోయినది, మనుష్యులను గుర్తింపలేకుండిరి. అయినను తెల్లవారుజామున ఎడమ అరచేయి దానంతట నదియే పైకి తిరిగి విచ్చుకొనుచుండెను. అరువది యేండ్లు ఇష్టలింగము నుంచుకొని పూజించిన చేయి అది. ఆ దినములలో ఆయన క్రొత్తగా భక్తిని తెచ్చుకొనలేదు, తెచ్చుకొను స్థితిలోను లేరు. చేతికి తెలిసినది చేయి చేసినది.

(పరుగులోని దశలను షట్స్థలములతో పోల్చి, మొదటి ఏడు కిలోమీటర్లు భక్తస్థలము, గమ్యము ఐక్యస్థలము అని చమత్కరించువారును గలరు. ఇట్టి పోలికలు సభలో చప్పట్లు తెచ్చును, విచారమునకు పనికిరావు. గమ్యము చేరినవాడు మరునాడు కుంటుచు కార్యాలయమునకు పోవును. ఐక్యము అట్టిది కాదు.)

తల్లులు అడుగు ప్రశ్న యొకటి గలదు: పరుగెత్తునప్పుడు కరడిగె ఎగిరెగిరి పడునే, తీసి యింట నుంచవచ్చునా? శివదారము తెగి లింగము జారిన నేమి గతి? ఈ సందర్భమున నులియ చందయ్య కథను కొందరు అడ్డము పెట్టుచున్నారు. గడ్డి కోయుచుండగా ఇష్టలింగము జారిపడినను, ఆయన పని మానక సాగెనని కదా సంప్రదాయము! కాని చందయ్య కోసినది త్రాళ్లు పేనుటకు; త్రాళ్లు అమ్మినది దాసోహమునకు. లింగమునకైనను కాయకము తప్పదన్న అధికారము ఆయనకు అందుచేత వచ్చినది. పతకముకొరకు పరుగెత్తువానికి ఆ అధికారము లేదు. కరడిగెను మెత్తని వస్త్రముతో రొమ్మునకు బిగించి కట్టుకొని పరుగెత్తువచ్చును. అట్లు చేయువారు గలరు. పూజను మాత్రము పరుగుకొరకు కుదింపరాదు. మూడున్నరకు లేవలేనివాడు పరుగును ఒక మైలు తగ్గించుకొనుట మేలు.

మరి దేహమే అడ్డు తిరిగిననాడు? ఇథియోపియా వీరుడు అబెబె బికిలా 1960లో రోము నగరమున చెప్పులు లేని పాదములతో గెలిచెను. 1964లో టోక్యోలో మరల గెలిచెను. 1969లో కారు ప్రమాదమున నడుము క్రిందిభాగము చచ్చుబడినది. ఆయన చక్రముల కుర్చీలో కూర్చుండి విలువిద్య నభ్యసించి పోటీలకు పోయెను. 1973లో మరణించెను. పరుగు పోయినను అభ్యాసము పోలేదు. అది పాదములలో నుండినచో ప్రమాదమునాడే ముగిసియుండును.

హైదరాబాదులో ఏటా ఆగస్టు మాసమున మారథాన్ జరుగును. ఆనాడు దారి పొడవునను బల్లలు వేసి, తెలియనివారికి నీళ్లు, అరటిపండ్లు, ఉప్పు అందించువారు నిలిచియుందురు. ముందు వచ్చువాని కెంతో కడపట వచ్చువానికిని అంతే. వారికి పతకము లేదు. ఎవరును వారి పేరడుగరు. చివరివాడు, కుంటుచు వచ్చువాడు, పోయినదాక వారు కదలరు. మన యువకులు ఒక యేడు పరుగెత్తి, మరుసటి యేడు ఆ బల్లల వెనుక నిలుచుటకు పేరిచ్చినచో, కాయకమను మాటను గూర్చి నాకు వారితో వాదము లేదు.