అవసరము నేర్పిన మైత్రి

అవసరమువలన గలిగిన స్నేహము స్నేహమగునా యను ప్రశ్న యిరుగుపొరుగువారి విషయమున బుట్టినట్లే రాజ్యముల విషయమునను బుట్టుచున్నది. భూమికి సుమారు 400 కిలోమీటర్ల యెత్తున దిరుగుచున్న అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రము దీనికి మంచి యుదాహరణము.

1998వ సంవత్సరమున 15 దేశములు దీనినిగూర్చి యొడంబడిక చేసికొన్నవి. 2000 నవంబరు మొదలు నేటివఱకు నందు మనుష్యులు లేని దినము లేదు. కేంద్రము దిగజారకుండ పైకెత్తు పని ముఖ్యముగా రష్యా యంత్రములది. విద్యుచ్ఛక్తి నొసగు పని ముఖ్యముగా అమెరికా సౌరఫలకములది. 2022లో ఉక్రెయిను యుద్ధమువలన నీ రెండు రాజ్యములకు వైరము ముదిరినను, ఆ సెప్టెంబరులో అమెరికా వ్యోమగామి రష్యా నౌకలోను, అక్టోబరులో రష్యా వనిత అమెరికా నౌకలోను అచ్చటికేగిరి. ఉమ్మడిగోడ గల దాయాదులు వ్యాజ్యమాడుచునే గోడ కూలకుండ జూచుకొన్నట్లున్నది.

ఇది ధర్మము కాదు, గతిలేమి యని కొందఱందురు. నేనట్లు త్రోసివేయజాలను. గతిలేక కలిసిన చేతులును క్రమముగా గలిసి పనిచేయుట నేర్చుకొనును. అభ్యాసమే కదా గుణమునకు దల్లి!

అయినను అవసరమునకు గ్రుడ్డితన మొకటి కలదు. అది తనకు బనికివచ్చువానినే చూచును. ప్రత్యేకానుమతి లేనిదే తన అంతరిక్షసంస్థ చైనాతో నేరుగా సహకరింపరాదని 2011లో అమెరికా చట్టము చేసెను. చైనా వేఱొక కేంద్రమును గట్టుకొనెను. 2021 నవంబరు 15న రష్యా తన పాత ఉపగ్రహమును క్షిపణితో బ్రద్దలు కొట్టగా 1,500లకు మించిన తునకలు చెదరెను. కేంద్రమునందలి యేడుగురును నౌకలలో దలదాచుకొనవలసి వచ్చెను. వారిలో నిద్దఱు రష్యనులే! చైనా 2007లోను, అమెరికా 2008లోను, మనదేశము 2019లోను తమ యుపగ్రహములనిట్లే కూల్చినవి. మనది తక్కువ యెత్తున జరిగినదను సమాధానము తునకలను దగ్గించునేమో కాని పోటీని దగ్గింపదు.

అంతరిక్షము నే రాజ్యమును సొంతము చేసికొనరాదనియు, దాని వినియోగము సర్వదేశముల మేలునకై యుండవలెననియు 1967 నాటి సంధి చెప్పుచున్నది. ఆ సర్వదేశములలో నౌక నెన్నడు నెగురవేయనివియు గలవు. వానివలన బలవంతులకు లాభమును లేదు, భయమును లేదు. అట్టివారియెడలను, ఇంక బుట్టబోవువారియెడలను జూపిన న్యాయమే ధర్మము; తక్కినది లెక్క. చెత్త వీధిలో బోయరాదని బిడ్డలకు జెప్పు మనము ఆకాశవీధినిగూర్చి మన ప్రభుత్వమును ముందుగా నడుగవలదా?