పీఆర్వో కావలెను

పేపర్లో ‘పీఆర్వోలు, మేనేజర్లు కావలెను’ అన్న ప్రకటన కనిపిస్తే, గలగలా మాట్లాడగలిగితే చాలనుకునే యువత ఎక్కువ. ఆ కొలువు అంతకు మించి అడుగుతుంది.

1906 అక్టోబరులో అమెరికాలోని అట్లాంటిక్ సిటీ దగ్గర ఒక రైలు వంతెన మీంచి నీళ్లలో పడింది. 50 మందికి పైగా చనిపోయారు. ప్రమాదాలను కప్పిపుచ్చడమే రైల్వే కంపెనీలకు అలవాటైన రోజులవి. పెన్సిల్వేనియా రైల్‌రోడ్ కంపెనీ తరఫున పౌర సంబంధాల నిపుణుడు ఐవీ లీ మాత్రం విలేకరులను అక్కడికే రప్పించి, తెలిసిన వివరాలన్నీ రాసిచ్చారు. ప్రెస్‌నోట్‌కు అదే నాంది అంటారు.

మన జిల్లాల్లో ఇలా వివరాలు అందించే బాధ్యత జిల్లా పౌర సంబంధాల అధికారుల(డీపీఆర్వోల)ది. తుపాను రాత్రి ఏ వాగు పొంగింది, ఏ దారి మూసేశారు, పునరావాస కేంద్రం ఏ బడిలో పెట్టారు అన్నవి అధికారులను అడిగి నిర్ధారించుకుని, పత్రికలకు, రేడియోకు పంపాలి. ఒక్క ఊరి పేరు తప్పు పడినా, పిల్లాజెల్లాతో బయల్దేరిన కుటుంబం చీకట్లో దారి తప్పుతుంది.

ఆసుపత్రిలో మేనేజర్ పనీ అలాంటిదే. బిల్లు చేతిలో పట్టుకుని కంగారుపడుతున్న రోగి బంధువుకు ప్రతి పద్దూ అర్థమయ్యేలా ఓపిగ్గా వివరించాలి.

ఇంటర్వ్యూకు సిద్ధమయ్యేవారు ఇంగ్లిష్‌తోపాటు తేట తెలుగులో రాయడం కూడా రోజూ సాధన చేయాలి. తమ ఊరి మంచినీటి సమస్యపై పది వాక్యాల ప్రెస్‌నోట్‌తో ఈరోజే మొదలుపెట్టవచ్చు.