ఉచితంగా ఇచ్చిందెవరు?

సేవకి వెల కట్టకూడదని చిన్నప్పటి నుంచీ వింటూనే పెరిగాం. చేసిన మేలు పైకి చెప్పుకుంటే పుణ్యం పోతుందని మా నాయనమ్మ అనేది. ఆ మాటలో మంచితనం ఉంది, కాదనను. కానీ కొన్నేళ్ళుగా మా జడ్చర్లలో ఏ సేవా కార్యక్రమం జరిగినా, రక్తదాన శిబిరమైనా, అన్నదానమైనా, అనాథ పిల్లల ఆశ్రమం వార్షికోత్సవమైనా, డీజే బండి వాళ్ళు పైసా తీసుకోకుండా వచ్చి పాటలు పెట్టి పోతున్నారు. అది చూసినప్పుడల్లా నాకొక ప్రశ్న పట్టుకుంటోంది. ఆ ఉచితం ఎవరిది? ఇచ్చిందెవరు, పేరు తెచ్చుకుందెవరు?

జడ్చర్ల తెలియని వాళ్ళకి రెండు మాటలు. హైదరాబాదు నుంచి బెంగుళూరు పోయే 44వ నంబరు జాతీయ రహదారిని 167వ నంబరు రహదారి కలిసే చోట ఉన్న ఊరు. బాదేపల్లి మార్కెట్టుకి పల్లికాయ, మక్కలు, పత్తి వస్తాయి. పోలేపల్లి సెజ్‌లో మందుల ఫ్యాక్టరీలున్నాయి. ఇక్కడ డీజే అంటే చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకున్న మనిషి కాదు, ఒక బండి. డీసీఎం వ్యానుకో, టాటా ఏస్‌కో బేస్ బాక్సులు కట్టి, ఆంప్లిఫయర్లు, మిక్సరు, జనరేటరు, రంగు లైట్లు ఎక్కిస్తే అది డీజే. పెళ్ళి బరాత్‌కీ, వినాయక నిమజ్జనానికీ, బోనాలకీ అది లేకపోతే పిల్లలు ఊరుకోరు.

మా చిన్నమ్మ కొడుకుకి అలాంటి బండొకటి ఉంది. అందుకే దాని లెక్కలు నాకు తెలుసు. పెళ్ళికి పన్నెండు వేలో, పదిహేను వేలో మాట్లాడుకుంటాడు. అందులో జనరేటరు డీజిలు, డ్రైవరు కూలి, బాక్సులు ఎత్తి దించే ముగ్గురు పిల్లల కూలి, కాలిపోయిన స్పీకరు కాయిల్ కొత్తగా చుట్టించే ఖర్చు పోగా మిగిలేది ఫైనాన్సు కిస్తీకి పోతుంది. గిరాకీ ఏడాది పొడుగునా ఉండదు. మూఢాల్లో, వానల్లో బండి ఇంటి ముందు టార్పాలిన్ కప్పుకుని ఉంటుంది. కిస్తీకి మాత్రం మూఢం లేదు. రాత్రి పది దాటితే చప్పుడు ఆపాలని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు చెప్తున్నాయి. 2024 అక్టోబరులో హైదరాబాదు పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలు పెట్టొద్దని ఉత్తర్వులిచ్చారు. పోలీసులు సామాను పట్టుకుంటే ఆ నష్టం బండివాడిది. పిలిచిన కమిటీ వాళ్ళు ఆ వేళకి ఫోన్ ఎత్తరు.

అలాంటి మనిషి నెలకొకసారి ఊరికే వచ్చి పాటలు పెడతాడు. ఎందుకొస్తావురా అనడిగితే ముందు "మంచి పని గదక్కా" అన్నాడు. అది అబద్ధం కాదు. ఆశ్రమం పిల్లలు ఎగురుతుంటే వాడి మొహం చూడాలి. కాసేపాగి రెండో మాట చెప్పాడు: "మైకులో పేరు చెప్తరు, నలుగురికి తెలుస్తది." ఇంకాసేపటికి మూడోది: "కాదంటే ఎట్ల? రేపు వినాయక చవితికి బండి మాట్లాడేది గూడ ఆళ్ళే."

ఈ మూడు మాటలూ ఒకే మనిషివి, మూడూ నిజమే. ఇచ్చిపుచ్చుకోవడం మీద మార్సెల్ మాస్ అనే ఫ్రెంచి పండితుడు 1925లో పెద్ద వ్యాసం రాశాడు. కానుక అనేది ఎక్కడా ఊరికే ఉండదు, దాని వెనక బదులు చెయ్యాలన్న ఒత్తిడి ఉంటుందన్నది ఆయన చెప్పిన సారం. అలాగని నా తమ్ముడి మంచితనాన్ని వ్యాపారం కింద కొట్టెయ్యడం నాకిష్టం లేదు. నాకు పనికొచ్చే ప్రశ్న చిన్నది: అతను కాదనగలడా? కాదన్న మనిషికి మరుసటేడు బయానా వస్తుందా? కాదనడానికి దారి లేనిచోట అవుననడానికి విలువెంత?

ఈ ప్రశ్న మా పాలమూరుకి కొత్త కాదు. కులానికొక పని చొప్పున దొరలకీ, పటేల్ పట్వారీలకీ చేసిన చాకిరీని వెట్టి అన్నాం. ఆ మాట సంస్కృతంలోని 'విష్టి' నుంచి వచ్చిందంటారు. పండక్కీ, జాతరకీ, చావుకీ డప్పు కొట్టడం మాదిగలకి ఊరు పెట్టిన పని. కూలి అనే మాటే ఉండేది కాదు, దయతలిచి ఇన్ని గింజలు పోసేవాళ్ళు. ఆ డప్పు ముందు జోగిని ఆడేది. చిన్నప్పుడే దేవుడికిచ్చామని చెప్పి దళిత ఆడపిల్లని ఊరుమ్మడి చేసి, జాతరల్లో, శవయాత్రల్లో ఆడించి, దానికి కూడా సేవ అనే పేరు పెట్టారు. దాన్ని నిషేధిస్తూ చట్టం రావడానికి 1988 దాకా పట్టింది. 'సేవ' అన్న మాట వినగానే నేను కొంచెం జాగ్రత్త పడటానికి కారణం ఇదే. అది చేసేవాళ్ళ నోట్లోంచి వచ్చిందా, చేయించుకునేవాళ్ళ నోట్లోంచి వచ్చిందా అని చూస్తాను.

మన రాజ్యాంగం 23వ అధికరణంలో వెట్టిని నిషేధించింది. ఢిల్లీ ఏషియాడ్ నిర్మాణ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు 1982లో ఇంకొక మెట్టు పైకి వెళ్ళింది. కనీస వేతనం కంటే తక్కువకి పనిచేయించుకున్నా అది బలవంతపు చాకిరీయే, ఆకలీ పేదరికమూ కూడా మనిషిని తోసే బలవంతాలే అంది. డీజే బండి వెట్టి కాదు, నాకు తెలుసు. ముందు బయానా తీసుకుని, రేటు మాట్లాడుకుని, కుదరకపోతే పొమ్మనగలిగే వాద్యగాడు మా ఊళ్ళలో కొత్తగా పుట్టిన మనిషి. డప్పు కొట్టిన తాతకి బయానా లేదు. నా దృష్టిలో బయానా గౌరవానికి సంబంధించిన విషయం. తన పనికి ఒక ధర ఉందని ఊరంతా ఒప్పుకున్న తర్వాతే మనిషి దాన్ని ఊరికే ఇవ్వగలడు. ధర లేనివాడు ఇచ్చేది దానం కాదు, అతని దగ్గర గుంజుకున్నదే.

ఇక్కడి దాకా మగవాళ్ళ సంగతే మాట్లాడాను. ఇప్పుడు ఇంట్లోకి పోదాం.

ఆ బండి కొన్నప్పుడు డౌన్‌పేమెంటుకి పోయింది మా మరదలి మూడు తులాల బంగారం. బండికి పనిలేని నెలల్లో కిస్తీ కట్టేది ఆమె మిషను కుట్టు. అర్ధరాత్రి సామాను దించి వచ్చిన నలుగురికి అన్నం వేడి చేసేది ఆమే. తమ్ముడు ఒక రోజు ఉచితంగా వెళ్ళాడంటే అర్థం, ఆమె ఆ నెల ఇంకో పది జాకెట్లు కుట్టాలని. స్టేజీ మీద శాలువా అతనికి కప్పుతారు. ఫ్లెక్సీ మీద ఫొటో అతనిది. ఇచ్చిందాంట్లో సగం ఎవరిదో ఆమెని అడిగినవాళ్ళు లేరు. అసలు ఇవ్వమంటావా అని అడిగినవాళ్ళు కూడా లేరు.

కేంద్ర గణాంక శాఖ 2024లో చేసిన కాలవినియోగ సర్వేలో, జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్ళు దానికి రోజుకి సగటున 289 నిమిషాలు పెడుతున్నట్టు తేలింది. మగవాళ్ళలో ఆ పని చేసేవాళ్ళు పెట్టేది 88 నిమిషాలు. 2019 సర్వేలో ఈ అంకెలు 299, 97. అయిదేళ్ళలో మన బరువు పది నిమిషాలు తగ్గితే వాళ్ళది తొమ్మిది నిమిషాలు తగ్గింది! మరదలి వంటా, కుట్టూ, మేలుకొని ఉండటం ఏ సేవా కార్యక్రమంలోనూ విరాళం కింద రాయరు. ఎందుకంటే ఆమె పనికి బయానా ఎన్నడూ లేదు. ప్రభుత్వాలు కూడా ఇదే నేర్చుకున్నాయి. 1975 నుంచి అంగన్‌వాడీ ఆడవాళ్ళకి ఇచ్చేది 'గౌరవ వేతనం'. గౌరవం ముందు కూచున్న చోట వేతనం చిన్నదైపోతుంది. వాళ్ళకి గ్రాట్యుటీ హక్కు ఉందని సుప్రీంకోర్టు చెప్పింది 2022లో.

మాకు దగ్గర్లోనే భూత్పూర్ ఉంది. పాతపేరు బుద్ధాపురం. గోన బుద్ధారెడ్డి కూతురు కుప్పాంబిక, భర్త మల్యాల గుండన పోయాక ఆయన పేర గుడి కట్టించి 1276లో అక్కడ శాసనం వేయించింది. ఆమెని తొలి తెలుగు కవయిత్రి అనే పరిశోధకులున్నారు. ఒక ఆడమనిషి దాతగా రాతి మీద పేరు రాయించుకోగలిగిందంటే సంతోషమే. కానీ అది ఆమె చేతిలో సొమ్మూ అధికారమూ ఉండబట్టే కదా. ఏడొందల యాభై ఏళ్ళ తర్వాత కూడా దాత అనిపించుకోవాలంటే ముందు ఆస్తి మీద చెయ్యి ఉండాలి. మూడు తులాలు ఇచ్చిన మరదలికి బండి కాగితాల మీద పేరు లేదు.

మిత్రులు కొందరు నాతో తగువుపడ్డారు. అన్నిటికీ లెక్క కడితే ప్రేమకి చోటెక్కడ, బతుకమ్మ పాడేవాళ్ళకి కూడా కూలి ఇస్తావా అన్నారు. ఇది తేలిగ్గా తీసెయ్యాల్సిన మాట కాదు. బతుకమ్మలో నేనూ పాడతాను, ఎవరైనా డబ్బిస్తే నాకు అవమానంగా ఉంటుంది. కానీ తేడా చూడండి. బతుకమ్మ చుట్టూ ఉన్న వలయంలో ప్రేక్షకులు లేరు, పిలిచిన కమిటీ లేదు. పాడేవాళ్ళే వినేవాళ్ళు. గొంతు నొస్తే పక్కామె అందుకుంటుంది. ఇంటికి పోతానంటే ఎవరూ పగపట్టరు. అలాంటి చోట లెక్క అక్కరలేదు. ఒకళ్ళు వేదిక మీద, ఒకళ్ళు వేదిక కింద, ఇంకొకళ్ళు ఎక్కడో వంటింట్లో ఉన్నచోట లెక్క కావాలి. పైగా లెక్క రాయడం వేరు, వెల అడగడం వేరు. డబ్బిచ్చే దాతకి లెక్క ఎప్పుడూ ఉంది. 1961 ఆదాయపు పన్ను చట్టం 80జి సెక్షను కింద డబ్బు విరాళానికి రసీదూ, పన్ను మినహాయింపూ దొరికాయి. శ్రమ ఇచ్చినవాళ్ళకి ఆ మినహాయింపు లేదు. లెక్క వద్దనే నీతి పేదవాళ్ళకే చెప్తున్నాం.

అందుకని మా మహిళా సంఘంలో మూడు పద్ధతులు పెట్టుకున్నాం. ఎవరు ఉచితంగా వచ్చినా డీజిలూ, సామాను మోసే పిల్లల కూలీ ముందే చేతిలో పెట్టాలి, ఎందుకంటే ఓనరు దానం చేస్తే కూలివాడు చేసినట్టు కాదు. వచ్చిన మనిషి మామూలు రేటెంతో అంతా విరాళాల పుస్తకంలో, డబ్బిచ్చిన వాళ్ళ వరసలోనే రాయాలి. మూడోది, ఇంటికెళ్ళి ఇద్దరినీ అడగాలి. మూడోదాని మీద మాలోనే గొడవైంది. మొగుడూ పెళ్ళాల మధ్య దూరడం మన పనా అన్నారు పెద్దవాళ్ళు. బంగారం కుదువ పెట్టేటప్పుడు ఆమె సంతకం కావాల్సి వచ్చింది కదా, ఇప్పుడు మాట ఎందుకు అక్కర్లేదన్నాను.

పోయిన ఏడు ఆడపిల్లల హాస్టలుకి పరుపుల కోసం కార్యక్రమం పెట్టినప్పుడు మొదట అడిగింది మా తమ్ముడింట్లోనే. అతను సరే అన్నాడు. ఆమె కాసేపు కుట్టు ఆపి, "ఈసారి వద్దు వదినె. రెండు కిస్తీలు ఆగినయ్. పోరికి ఫీజు గట్టాలె" అంది. పదిమందిలో మాట పోయిందని తమ్ముడు నెలరోజులు నాతో మాట్లాడలేదు. మేము మామూలు మైకు సెట్టు కిరాయికి తెచ్చుకుని కార్యక్రమం నడిపాం. జనం కొంచెం తక్కువొచ్చారు, పరుపులు నాలుగు తగ్గాయి. ఆ నాలుగు పరుపుల సంగతి సంఘంలో ఇప్పటికీ నన్ను అడుగుతారు, అడగాలి కూడా. కింద పడుకున్న పిల్లలు ఉన్నారు కదా.

అయినా నాకు ఆ వద్దు అన్న మాటే విలువైందిగా కనిపిస్తుంది. అది అన్న తర్వాత కూడా ఆ ఇంటికి దసరాకి మేం డబ్బిచ్చే గిరాకీ తీసుకెళ్ళాం. కాదన్నవాళ్ళకి ఏమీ కాదని ఊళ్ళో ఒక్కసారైనా రుజువు కావాలి. అప్పుడే రేపు ఎవరైనా ఊరికే ఇస్తామంటే, ఆ మాటని మనం నమ్మి, రెండు చేతులా తీసుకోగలం.