అరగని అతిథి

పసిబిడ్డకి పాలు పట్టి, బొజ్జ నిమురుతూ వాతాపిని తలుచుకోని తల్లి మన ఇళ్ళల్లో ఉండదు. అగస్త్యుడిలా మింగింది మింగినట్టు అరిగించుకోవాలి. అదీ మన దీవెన. కానీ ఒకానొక వాతాపి అరక్కపోబట్టే మనమంతా ఉన్నామంటే నమ్ముతారా?

సుమారు 200 కోట్ల ఏళ్ళ కిందటి మాట. అప్పటికి భూమ్మీద ఉన్నవి కేంద్రకం లేని సూక్ష్మజీవులు, అంటే ఒంటిగది ఇళ్ళు. వాటిలో ఒకటి మరోదాన్ని లోపలికి తీసుకుంది. మింగిందో, ఆశ్రయమిచ్చిందో చూసినవాళ్ళు లేరు. లోపలికెళ్ళింది చావలేదు సరికదా, ఆక్సిజన్‌తో తిండిని మండించి శక్తి వండిపెట్టడం మొదలెట్టింది. అదే మైటోకాండ్రియా. పొర చుట్టుకున్న కేంద్రకమూ, ఇలాంటి పనివాళ్ళూ ఉన్న కణాన్ని నిజకేంద్రక కణం అంటారు. మర్రిచెట్టైనా, మేకపిల్లైనా, మీరైనా, నేనైనా ఆ కణాల పోగులమే.

ఈ పాత ఊహకి 1967లో ప్రాణం పోసింది అమెరికా శాస్త్రవేత్త లిన్ మార్గులిస్. పదిహేను దాకా పత్రికలు తిప్పి పంపాకగానీ ఆ వ్యాసం అచ్చు కాలేదట. (తిరిగొచ్చిన కథల కట్ట దాచుకున్న ఏ రచయిత్రికైనా ఎంత ఊరట!) ఆ వ్యాసం మీదున్నది అప్పటికే విడిపోయిన మొదటి భర్త ఇంటిపేరు, సేగన్. లోకానికి తెలిసిన మార్గులిస్, రెండో భర్త ఇంటిపేరు.

అత్తింట్లో కాలుపెట్టిన ప్రతి పిల్లా వినేమాట "కలిసిపోవాలమ్మా" అని. మైటోకాండ్రియా కలిసిపోయింది. పుట్టింటి జన్యువుల్లో కొన్ని పోగొట్టుకుంది, కొన్ని కేంద్రకానికి అప్పగించింది. మనిషిలో దానికి మిగిలినవి 37. ఇక బయటికొచ్చి బతకలేదు. ఇది కాపురమా, చెరా?

మా అనంతపురం ఎర్రనేలలో శెనక్కాయ చెట్టు పీకి చూడండి. వేళ్ళకి బుడిపెలుంటాయి. గోటితో చిదిమితే లోపల ఎర్రగా ఉంటుంది. అందులో బాక్టీరియా కాపురం. అది గాలిలోని నత్రజనిని చెట్టుకి ఆహారంగా మారుస్తుంది, చెట్టు చక్కెర పెడుతుంది. వాన మొహం చాటేస్తే ఆ ఇచ్చిపుచ్చుకోవడమూ కుంటుపడుతుంది. ఈ బాక్టీరియా విత్తనంలో పుట్టి రాదు. ప్రతి ముంగారులోనూ మట్టిలోంచి కొత్తగా రావలసిందే. దానికి మట్టి అనే పుట్టిల్లుంది. అదే చెట్టు కణాల్లో ఉన్న మైటోకాండ్రియాకి లేదు. ఒకే మొక్కలో రెండు కాపురాలన్నమాట!

కణానికి మంచీ చెడూ తెలీదు. దాన్ని చూసి నీతి నేర్చుకోమనను. అది ఎవర్నీ అడగలేదు. మనం అడగగలం. కాబట్టి "కలిసిపో" అన్నప్పుడల్లా రెండు ప్రశ్నలు వెయ్యాలంటాను: ఆమెకి తనదంటూ ఏం మిగిలింది? తిరిగి వెళ్ళే దారి ఉందా? ఆనాడు పూర్తిగా అరిగిపోయుంటే ఆ అతిథి ఒక పూట భోజనమయ్యేది, అంతే. కాస్త మిగలబట్టే ఇన్ని కోట్ల ఏళ్ళుగా ఆ ఇంట్లో పొయ్యి వెలుగుతోంది.

ఇంకో సంగతి. ఆ 37 జన్యువులూ మనకి తల్లి నుంచే వస్తాయి. కొడుకులకీ అందుతాయిగానీ, వాళ్ళతో ఆగిపోతాయి. కూతుళ్ళే ముందుకి తీసుకెళ్తారు. అమ్మ, అమ్మమ్మ, ఆవిడ అమ్మ... ఇంటిపేర్లు ఎన్ని మారినా ఆ వరుస మారలేదు. ఏ శుభలేఖలోనూ ఆ వరుస అచ్చు కాలేదు, మరి.