సింహద్వారం రంగు, అమ్మ భయం, నా పంతం



"మాది వెస్ట్ ఫేసింగ్ ఫ్లాట్, మెయిన్ డోర్‌కి ఏ రంగు వేయించాలి?" అని చాలామంది అడుగుతూ ఉంటారు. ఒకరు ఆకుపచ్చ అంటారు, ఇంకొకరు తెలుపు అంటారు, మరొకరు టేకు రంగు తప్ప ఏదీ వద్దంటారు. నలుపు మాత్రం వద్దని దాదాపు అందరూ చెప్తారు. ఈ రోజు నేను దిక్కుల పట్టిక ఇవ్వడం లేదు. మా ఇంటి తలుపు దగ్గర నాకు ఎదురైన ప్రశ్న వేరు. నాకు నమ్మకం లేని పనిని అమ్మ కోసం చేస్తే, అది ప్రేమా? నటనా?

హైదరాబాద్‌లో ఫ్లాట్ కొన్నప్పుడు రంగులన్నీ నేనే చూసుకున్నాను. షేడ్ కార్డ్ తిప్పి తిప్పి మెయిన్ డోర్‌కి ముదురు బూడిద రంగు ఎంచాను. దూరం నుంచి చూస్తే నలుపే. అమ్మ చూసి, "గుమ్మానికి ఇదేం రంగురా? లక్ష్మీదేవి వచ్చే చోటు కదా" అంది. నాన్న నవ్వి, "వాడి ఇల్లు, వాడి ఇష్టం. వేయించుకోనీవే" అన్నారు. అమ్మ ఇంక మాట్లాడలేదు. గృహప్రవేశం రోజు గడపకి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, పైన మామిడి తోరణం కట్టించింది.

ఎనిమిది నెలలకి నాన్న పోయారు. గుండెపోటు. ఆస్పత్రికి తీసుకెళ్ళేలోపే అంతా అయిపోయింది.

పదకొండో రోజు వచ్చిన చుట్టాల్లో ఒకావిడ చెప్పులు విడుస్తూ తలుపు వైపు చూసి, "గుమ్మానికి నల్లరంగు వేస్తారా ఎవరైనా?" అంది. ఆ మాట అమ్మా విన్నది, నేనూ విన్నాను. కానీ ఏడాది పాటు ఇద్దరం దాని ఊసే ఎత్తలేదు.

సంవత్సరీకాలు అయ్యాయి. ఆ ఏడాదంతా ఇంట్లో పండగ లేదు, గుమ్మానికి తోరణం లేదు. ఉగాది దగ్గర పడుతుంటే అమ్మ మెల్లగా, "ఈసారి తలుపుకి వేరే రంగు వేయిద్దాం నాన్నా" అంది. నాకు ఎక్కడలేని కోపం వచ్చేసింది. "రంగు వల్ల మనుషులు పోతారా అమ్మా? నువ్వు కూడా ఇవన్నీ నమ్ముతావా?" అని గట్టిగా అరిచేశాను. అమ్మ ఏమీ అనకుండా వంటింట్లోకి వెళ్ళిపోయింది. తర్వాత నాలుగు రోజులు "అన్నం పెట్టనా", "పాలు వచ్చాయి" తప్ప మా మధ్య మాటల్లేవు.

అంత కోపం ఎందుకొచ్చింది? తర్వాత ఆలోచిస్తే అర్థమైంది. రంగు మార్చడానికి ఒప్పుకుంటే ముందు వేసిన రంగు తప్పని ఒప్పుకున్నట్టే. ఆ రంగు ఎంచింది నేను. అంటే నాన్న పోవడానికి కారణం... ఆ పైన అనుకోవడానికి కూడా ధైర్యం చాలలేదు. పైకి మాత్రం మూఢనమ్మకాలు లేనివాడిలా మాట్లాడుతున్నాను. లోపల ఆ చుట్టం మాటని అమ్మ కంటే ఎక్కువగా నేనే నమ్ముతున్నాను.

ఆ రోజుల్లోనే భగవద్గీత 18వ అధ్యాయం చదువుతూ 14వ శ్లోకం దగ్గర ఆగిపోయాను. ఏ పని జరగాలన్నా ఐదు కారణాలు కలవాలని కృష్ణుడు అక్కడ చెప్తాడు. ఆధారమైన శరీరం, చేసే కర్త, ఇంద్రియాల్లాంటి సాధనాలు, రకరకాల ప్రయత్నాలు, ఐదోది దైవం. ఇన్ని ఉండగా తానొక్కడే చేశాననుకునేవాడు ఉన్నది ఉన్నట్టు చూడటం లేదని 16వ శ్లోకంలో అంటాడు.

ఈ మాటని మనం మామూలుగా గెలుపు గురించి చెప్పుకుంటాం. ఉద్యోగం వస్తే అది నా ఒక్కడి గొప్ప కాదని తెలుసుకోమంటాం. కానీ నింద విషయంలో కూడా అదే లెక్క కదా! నాన్నకి ఎన్నో ఏళ్ళుగా షుగర్, బీపీ ఉన్నాయి. వాకింగ్ మానేశారు. తాతయ్యది కూడా గుండెజబ్బే. ఇవన్నీ పక్కన పెట్టి "నేను ఎంచిన రంగు" అని కుమిలిపోవడం చూడటానికి పశ్చాత్తాపంలా ఉంటుంది. నిజానికి అదీ ఒక రకం అహంకారమే. చావుపుట్టుకలు నా చేతిలోని షేడ్ కార్డ్ మీద ఆధారపడి ఉన్నాయనుకోవడం అహంకారం కాకపోతే ఏమిటి?

ఐదో రోజు అమ్మ పక్కన కూర్చొని సూటిగా అడిగాను. "అమ్మా, ఆ రంగు వల్లే నాన్న పోయారనుకుంటున్నావా?"

అమ్మ చిక్కుడుకాయలు తుంచుతూనే ఉంది. "ఆవిడ అన్నప్పుడు ఒక వారం అనుకున్నానురా. తర్వాత ఛీ, ఇదేం ఆలోచన అనుకున్నా. మీ నాన్న మాత్రలు ఎన్నిసార్లు ఎగ్గొట్టారో నాకు తెలియదా?"

"మరి రంగు ఎందుకు మార్చమన్నావు?"

"సాయంత్రం గుడి నుంచి వస్తాను కదా. లిఫ్ట్ దిగితే కారిడార్ చీకటి, ఆ తలుపూ చీకటి. తాళంచెవి పెట్టే కన్నం కూడా సరిగ్గా కనపడదు. ఇదివరకు బెల్ కొడితే మీ నాన్న తీసేవారు. ఇప్పుడు నేనే తీసుకోవాలి."

నేను వాస్తుతో వాదిస్తున్నాననుకున్నాను. అమ్మ అడిగింది వెలుతురు.

ఆ ఆదివారమే పెయింటర్ వచ్చాడు. పాత రంగుని గరుకు కాగితంతో రుద్ది, లప్పం పెట్టి, ప్రైమర్ కొట్టి, గంధం రంగు రెండు కోట్లు వేశాడు. మనిషి రాగానే వెలిగే లైట్ ఒకటి గుమ్మం పైన పెట్టించాను.

ఇక్కడ మీరు ఒకటి అడగొచ్చు. "మీ అమ్మగారు అలా చెప్పారు కాబట్టి సరిపోయింది. ఆవిడ నిజంగానే రంగు వల్ల అని నమ్మి ఉంటే?" నేనైతే అప్పుడు కూడా రంగు మార్చేవాడినే. ఒక డబ్బా పెయింట్‌తో పెద్దావిడకి నిద్ర పడుతుందంటే మనకి పోయేదేముంది? కానీ నోరు మూసుకుని మార్చేవాడిని కాదు. "అమ్మా, నీ కోసం మారుస్తున్నాను. నాన్న పోయింది మాత్రం రంగు వల్ల కాదు" అని పక్కన కూర్చొని చెప్పేవాడిని. పని ప్రేమతో చేయొచ్చు, మాట మాత్రం నిజంగా ఉండాలి. మాట్లాడకుండా మార్చేస్తే ఆవిడ భయానికి నేను సంతకం పెట్టినట్టే. రేపు ఇంకేదైనా జరిగితే ఆ భయం ఇంకో కారణం వెతుక్కుంటుంది.

దీనికి ఒక హద్దు కూడా ఉందండి. ఆ నమ్మకం ఒక మనిషిని దోషిగా నిలబెడితే ఒక్క అంగుళం కూడా ఒప్పుకోకూడదు. "కోడలు అడుగు పెట్టాకే ఇలా అయింది" అనే మాట ఎన్ని ఇళ్ళల్లో వినలేదు మనం! తలుపుకైతే ఇంకో రంగు వేయొచ్చు. ఆ మాట పడ్డ అమ్మాయి మనసుకి ఏం వేస్తాం?

వాస్తు చూసుకోవద్దని నేను అనడం లేదు. దిక్కు, గాలి, వెలుతురు చూసి ఇల్లు కట్టుకోవడం మన పెద్దల తెలివి. మీకు నచ్చిన రంగు వేయించుకోండి, గడపకి పసుపు రాయండి. దానికి ముందు, సాయంత్రం ఒంటరిగా ఆ తలుపు తీసుకునేది ఎవరో వాళ్ళని ఒక్కసారి అడగండి. చావు జరిగిన ఇంటికి వెళ్ళినప్పుడు మాత్రం దయచేసి కారణాలు వెతక్కండి. మనం అనేసి వచ్చేస్తాం. వాళ్ళు ఆ మాటతో ఏడాది బతకాలి.

ఈ ఉగాదికి మా గుమ్మానికి మళ్ళీ తోరణం కట్టాం. నాన్న ఉన్నప్పుడు స్టూల్ ఎక్కి కట్టేవారు. ఈసారి నేను ఎక్కాను, కింద అమ్మ స్టూల్ పట్టుకుంది.