కస్టమర్ సంతృప్తి చెందితే బాధ్యత తీరినట్లేనా?

మన ఇళ్ళలో ఎం.బి.ఎ. చదువుతున్న యువతీ యువకులు నేడు తక్కువేమీ లేరు. మార్కెటింగ్‌ను ప్రత్యేకాంశంగా తీసుకున్నవారికి సాధారణంగా 'సర్వీసెస్ మార్కెటింగ్' అనే ఒక పేపరు ఉంటుంది. బ్యాంకు, ఆస్పత్రి, హోటలు, బీమా, ట్రావెల్స్, కోచింగ్ సెంటరు, బండ్ల రిపేరు - ఇలా వస్తువును గాక సేవను అమ్మే చోట కస్టమర్‌ను ఎలా సంతృప్తిపరచాలో అందులో నేర్పుతారు. ఇది చూసి కొందరు తల్లిదండ్రులు కలవరపడుతుంటారు. "జనాన్ని మాటలతో మెప్పించి జేబు ఖాళీ చేయించే విద్య కాదా ఇది? దీనితో వచ్చే జీతం హలాలేనా?" అని అడుగుతుంటారు. ప్రశ్న మంచిదే. పిల్లవాడి జీతం ఎంతని అడిగే తల్లిదండ్రులే ఎక్కువైన ఈ రోజుల్లో, అది ఎలాంటిదని అడిగేవారు ఉండటం సంతోషించవలసిన విషయం. అయితే ఆ విద్యలో ఏముందో చూడకుండానే తీర్పు చెప్పడం న్యాయం కాదు.

సేవకూ వస్తువుకూ నాలుగు తేడాలున్నాయని ఈ పాఠం మొదలవుతుంది. సేవ చేతికి తగలదు. చేసేవాని నుండి దాన్ని విడదీయలేము. ఈ రోజు చేసినట్లే రేపు ఉంటుందన్న నమ్మకం లేదు. మిగిలిపోతే దాచి ఉంచలేము. ఖాళీగా వెళ్ళిపోయిన బస్సు సీటు మళ్ళీ అమ్ముడుపోదు కదా! బియ్యమైతే చేతిలోకి తీసుకుని చూస్తాము. సేవను అలా చూడలేము. అందుకని మరి మంచి సేవ అంటే ఏమిటన్న ప్రశ్న వచ్చింది.

అమెరికాలో పరశురామన్, జైథమల్, బెర్రీ అనే ముగ్గురు ఆచార్యులు ఈ ప్రశ్నకు జవాబు వెదికారు. బ్యాంకు, క్రెడిట్ కార్డు, షేర్ల బ్రోకరేజి, రిపేరు సేవలు వాడుకునేవారిని సమావేశపరచి, వారితో మాట్లాడి 1985లో ఒక వ్యాసం ప్రకటించారు. 1988లో 'సర్వ్‌క్వాల్' అనే కొలమానాన్ని రూపొందించారు. అందులో ఐదు అంశాలున్నాయి: చెప్పినది చెప్పినట్లు చేయడం, వెంటనే స్పందించడం, నమ్మకం కలిగించే పరిజ్ఞానమూ మర్యాదా, ఎదుటివాని అవసరాన్ని మనసుతో గ్రహించడం, చివరిగా కంటికి కనిపించే భవనమూ సామగ్రీ. ఈ ఐదింటికీ 100 మార్కులు పంచమని కస్టమర్లను అడిగితే వారేం చేశారో 1990లో వచ్చిన వారి పుస్తకంలో ఉంది. మాట నిలబెట్టుకోవడానికి 32 మార్కులు. కంటికి కనిపించే హంగులకు 11!

పాఠకులు ఒక్క క్షణం ఆలోచించాలి. కుదుర్చుకున్న ఒప్పందాలను నెరవేర్చమని విశ్వాసులను ఆదేశిస్తూ దివ్య ఖుర్ఆన్‌లోని 'మాయిదా' సూరా ప్రారంభమవుతుంది. అల్లాహ్ ఆజ్ఞగా మనకు అందినదాన్నే ఏ ధర్మ ప్రస్తావనా లేకుండా సామాన్య ఖాతాదారులు అన్నింటికంటే పైన నిలబెట్టారు. మన దుకాణదారులేమో ముందు అద్దాలకు, లైట్లకు, ఫాల్స్ సీలింగ్‌కు అప్పు తెచ్చి మరీ ఖర్చుపెడతారు. మాట విషయానికొస్తే 'రేపు రండి' అన్నదే మాట!

చేదైనా మరో మాట చెప్పక తప్పదు. దుకాణం మీద 'హలాల్' బోర్డు ఉంటే చాలు, ఇక ఎవరికీ ఏ సంజాయిషీ ఇవ్వనక్కర్లేదని అనుకునేవారు మనలో ఉన్నారు. టేబులు తుడవరు, అడిగిన దానికి సూటిగా జవాబివ్వరు, స్త్రీలు పిల్లలతో వస్తే కూర్చోబెట్టే చోటు ఉండదు. అలాంటివారు ఈ పేపరును ఒక్కసారైనా చదివితే బాగుండునని మా కోరిక. శుభ్రత, మృదుభాషణ, సమయపాలన మనకు ఎవరో కొత్తగా నేర్పవలసినవి కావు గదా.

ఇంతవరకూ ఈ విద్యతో మాకు పేచీ లేదు. పేచీ 'సంతృప్తి' అన్న మాటకు చెప్పే అర్థంతో మొదలవుతుంది. సంతృప్తి అంటే కస్టమర్ ఆశించినదానికీ అతనికి అందినట్లు తోచినదానికీ మధ్య తేడా అని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. ఆశించినదానికంటే ఎక్కువ అందినట్లు తోస్తే సంతోషం, తక్కువనిపిస్తే అసంతృప్తి. ఇది ఒక తీసివేత లెక్క. తీసివేత లెక్కలో జవాబు పెంచడానికి రెండు మార్గాలుంటాయి. సేవను నిజంగా మెరుగుపరచడం ఒకటి. ఆశను తగ్గించడమో, తోచేదాన్ని మార్చడమో రెండవది. రెండవ మార్గం చౌక.

రంజాన్ నెలలో దర్జీ దుకాణాన్నే తీసుకోండి. ఎనిమిది రోజుల్లో కుట్టగలనని తెలిసీ 'పదిహేను రోజులు పడుతుంది' అంటాడు. పదవ రోజున ఫోను చేసి బట్టలు సిద్ధమంటాడు. కస్టమర్ ఉబ్బితబ్బిబ్బవుతాడు. ఇది అబద్ధమా, కాదా? మా దృష్టిలో ఇది సంకల్పాన్ని బట్టి ఉంటుంది. కరెంటు పోవచ్చు, పనివాడు ఊరికి పోవచ్చు అన్న జాగ్రత్తతో గడువు పెంచి చెబితే అది మాట తప్పకూడదన్న భయం. అలాంటప్పుడు 'పదిహేను రోజుల లోపు ఇస్తాను, ముందే అయితే ఫోను చేస్తాను' అంటే సరిపోతుంది, అది నిజం కూడా. లేని ఆలస్యాన్ని కల్పించి, తర్వాత దాన్ని తీసేసి మెప్పు పొందాలనుకుంటే మాత్రం, ఆ మెప్పు అబద్ధంతో కొన్నది. కస్టమర్‌కు నష్టం జరగలేదు కదా అనవచ్చు. నష్టం జరగనంత మాత్రాన అబద్ధం నిజమైపోదు.

మార్కెటింగ్ తరగతుల్లో తరచూ చెప్పే మరో ఉదంతం ఉంది. హ్యూస్టన్ విమానాశ్రయంలో సామాన్ల కోసం చాలాసేపు నిలబడవలసి వస్తోందని ప్రయాణికులు ఫిర్యాదు చేసేవారట. అధికారులు విమానాలను దూరపు గేట్ల వద్ద ఆపి, నడక దూరం పెంచారట. నడిచి వచ్చేసరికి సామాను వచ్చి ఉండేది. ఫిర్యాదులు ఆగిపోయాయని చెబుతారు. ఎవరినీ దోచుకోలేదు, నిలబడటం బదులు నడిచారు, అంతే. కాని చేతికర్రతో నడిచే ముసలివాని సంగతి ఏమిటి? ఫిర్యాదులు తగ్గాయన్న పట్టికలో అతని మోకాలి నొప్పికి గడి లేదు.

ఇవి చిన్న విషయాలే. అసలు ప్రమాదం ఇంకా లోపల ఉంది. కొనేవానికి కనిపించే గుణాలను బట్టి సరుకులను ఆర్థికవేత్తలు మూడు రకాలుగా విభజించారు. కొనకముందే చూసి తెలుసుకోగలిగేవి, వాడాక తెలిసేవి అని 1970లో నెల్సన్ చెప్పాడు. వాడిన తర్వాత కూడా తెలియనివి ఉన్నాయని 1973లో డార్బీ, కార్నీ అనే ఇద్దరు చేర్చారు. డాక్టరు రాసిన పరీక్షలన్నీ అవసరమేనా? మెకానిక్ మార్చిన పార్టు నిజంగా పాడయిందా? ఆపరేషను లేకుండానే రోగం నయమయ్యేదా? డబ్బు కట్టి, నయమై, ఇంటికి వెళ్ళిన తర్వాత కూడా ఇది మనకు తెలియదు. తెలియనివాడు సంతృప్తి చెందాడంటే దాని విలువ ఎంత?

ఇది ఊహ మాత్రమే కాదు. అమెరికాలో 50 వేల మందికి పైగా పెద్దల వివరాలు పరిశీలించిన ఒక వైద్య అధ్యయనం 2012లో ప్రచురితమైంది. తమ వైద్యుల పట్ల అత్యధిక సంతృప్తి ప్రకటించినవారిలో ఆస్పత్రిలో చేరడం, మందుల ఖర్చు, చివరికి మరణాలు కూడా ఎక్కువగానే కనిపించాయి. సంతృప్తే ప్రాణం తీసిందని దీని అర్థం కాదు. సంతృప్తి మంచి వైద్యానికి సాక్ష్యం కాజాలదని మాత్రం అర్థం. అక్కడి ప్రభుత్వ ఆరోగ్య పథకం ఆస్పత్రుల చెల్లింపుల్లో కొంత భాగాన్ని రోగుల సర్వే మార్కులతో ముడిపెట్టింది. ఆ సర్వేలో నొప్పి తగ్గించడం గురించి ప్రశ్నలుండేవి. మార్కుల కోసం మత్తు కలిగించే నొప్పి మందులు ఎక్కువగా రాయవలసిన ఒత్తిడి వస్తోందన్న ఆందోళన పెరగడంతో, 2016లో ఆ ప్రశ్నలను చెల్లింపుల లెక్కలోంచి తీసివేయాలని నిర్ణయించారు. చదువుల్లోనూ ఇంతే. అమెరికా వైమానిక దళ అకాడమీపై 2010లో వచ్చిన ఒక అధ్యయనంలో, విద్యార్థులు ఎక్కువ మార్కులు వేసి మెచ్చుకున్న అధ్యాపకుల శిష్యులు ఆ తర్వాతి పై కోర్సుల్లో వెనుకబడినట్లు తేలింది. విద్యార్థి సంతోషించాడు, విద్య మాత్రం రాలేదు!

ఇప్పుడు ధాన్యపు రాశి సంఘటనను గుర్తు చేసుకుందాం. ముస్లిం హదీసు గ్రంథంలో హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖనం ఉంది. దైవప్రవక్త (సఅసం) అంగడిలో ఒక ధాన్యపు రాశిలోకి చేయి పెట్టగా వేళ్ళకు తడి తగిలింది. ఇదేమిటని అడిగితే, వాన పడిందని అమ్మేవాడు చెప్పాడు. తడిసిన దాన్ని జనానికి కనిపించేలా పైన ఎందుకు పెట్టలేదని ఆయన మందలించి, మోసగించేవానితో తమకు సంబంధం లేదని హెచ్చరించారు. ఆ వ్యాపారి నోటితో అబద్ధం చెప్పలేదు. పైపొడి చూసి కొనేవాడు తృప్తిగానే సంచి ఎత్తుకునేవాడు. తప్పు ఎక్కడుందంటే, కొనేవానికి తెలియవలసినది లోపల ఉండిపోవడంలో ఉంది.

హజ్రత్ జరీర్ బిన్ అబ్దుల్లాహ్ (రజి) గుర్రం సంగతి ఇంకా ఆశ్చర్యకరం. తబ్రానీ ఉల్లేఖనం ప్రకారం, ఆయన సేవకుడు 300 దిర్హములకు ఒక గుర్రాన్ని బేరమాడి, యజమానిని డబ్బు కోసం వెంటబెట్టుకుని వచ్చాడు. జరీర్ గుర్రాన్ని చూసి, ఇది అంతకంటే ఎక్కువ విలువైనదని, 400కు ఇస్తావా అని యజమానినే అడిగారు. ఆ తర్వాత 500 అన్నారు. అలా నూరేసి పెంచుతూ 800కు కొన్నారు. ప్రతి ముస్లిముకూ శ్రేయోభిలాషిగా ఉంటానని దైవప్రవక్త (సఅసం)కు తాను చేసిన ప్రమాణాన్ని కారణంగా చెప్పారు. గమనించండి, ఆ యజమాని 300కే తృప్తిపడ్డాడు. నేటి లెక్కలో చూస్తే బేరం అక్కడే విజయవంతంగా ముగిసింది. ఎదుటివాని తృప్తి అతని అజ్ఞానం మీద నిలబడి ఉందని జరీర్‌కు తెలుసు. అందుకే ఆ తృప్తిని ఆయన రసీదుగా తీసుకోలేదు.

ఇక నోరు లేనివారి మాట. ప్రతి విషయంలోనూ 'ఇహ్సాన్'ను - పనిని ఉత్తమ రీతిలో చేయడాన్ని - అల్లాహ్ విధిగా చేశాడని బోధించినప్పుడు, దైవప్రవక్త (సఅసం) ఇచ్చిన ఉదాహరణ జంతువును జిబహ్ చేయడం. కత్తికి పదును పెట్టుకోమన్నారు, పశువును బాధించవద్దన్నారు. ఆ పశువు ఏ ఫీడ్‌బ్యాక్ ఫారమూ నింపదు. ఐ.సి.యు.లో స్పృహ లేని రోగి, బీమా కాగితంలోని చిన్న అక్షరాలు చదవలేని వృద్ధురాలు కూడా అదే స్థితిలో ఉన్నారు.

కాబట్టి తల్లిదండ్రులకు మా జవాబు ఇది: ఈ పేపరు చదవడంలో దోషం లేదు. పరీక్షలో సర్వ్‌క్వాల్ గురించి అడిగితే పుస్తకంలో ఉన్నట్లే రాయమనండి. ప్రాజెక్టు కోసం వందమందితో ప్రశ్నావళి నింపించేటప్పుడు మాత్రం, ఇంట్లో కూర్చుని తానే టిక్కులు పెట్టవద్దని గట్టిగా చెప్పండి. ఇది చాలాచోట్ల జరుగుతున్నదే. ఉద్యోగంలో చేరాక దొంగ రివ్యూలు రాయించమంటే రాయించకూడదు. కొనే ఉద్దేశం లేకుండా పాట పెంచి ఇతరులను మోసగించే 'నజ్ష్'ను దైవప్రవక్త (సఅసం) నిషేధించారు. దొంగ పొగడ్త దానికి తోబుట్టువే. మన దేశంలోనూ ఆన్‌లైన్ రివ్యూల కోసం 2022లో ప్రమాణాల సంస్థ ఒక ప్రమాణాన్ని ప్రకటించింది.

చిక్కు వచ్చేది జీతం స్టార్లతో ముడిపడినప్పుడు. 'సార్, ఐదు స్టార్లు ఇవ్వండి, లేకపోతే నా ఇన్సెంటివ్ పోతుంది' అని బతిమాలే కుర్రవాణ్ణి మేము నిందించలేము. వానికి కుటుంబం ఉంది. ఆ లెక్క పెట్టినది అతను కాదు, యజమాని. మన సముదాయంలో షోరూములు, ఆస్పత్రులు, కాలేజీలు నడిపేవారు ఈ మాటను తమకే చెప్పినట్లు తీసుకోవాలి. కస్టమర్ సంతకాన్ని బండి ఇవ్వకముందే తీసుకోకుండా, నడిపి చూశాక అడగమనవచ్చు. రిపేరుకు వచ్చిన బండిలో మార్చనవసరం లేదని తేల్చి చెప్పిన మెకానిక్‌కు కూడా ఇన్సెంటివ్ ఇవ్వవచ్చు.

కొందరు మెకానిక్కులకు ఒక పాత అలవాటు ఉంది. తీసేసిన పార్టును గుడ్డపేలికలో చుట్టి, బిల్లుతోపాటు మన చేతిలో పెడతారు. అరిగిపోయిన చోట వేలు పెట్టి చూపిస్తారు. మనకు అర్థం కాకపోయినా చూపిస్తారు.