సహాయముతో పొందిన జయము

మనుష్యుడు ఇతరుల సహాయముతో మంచి స్థితికి వచ్చినయెడల ఆ మంచి అతనిదే అని చెప్పవచ్చునా? ఈ ప్రశ్న పాతదే. అయితే మన కాలములో అది క్రొత్త వేషము ధరించి మన యిండ్లలోనికి వచ్చియున్నది. అధిక స్థూలకాయముతో బాధపడువారు కొందరు శస్త్రచికిత్స చేయించుకొని బరువు తగ్గుచున్నారు. వారిని గూర్చి మనము రెండు మాటలు అనుచున్నాము. తగ్గినప్పుడు, "ఆపరేషను చేయించుకొన్నారు గనుక తగ్గినారు, ఇందులో వారి గొప్ప ఏమున్నది?" అందుము. మరల పెరిగినప్పుడు, "నోరు కట్టుకొనలేకపోయినారు" అందుము. తగ్గినప్పుడు ఘనత వైద్యునికి, పెరిగినప్పుడు నింద రోగికి! ఈ రెండు మాటలు ఒక్క నోటనుండియే వచ్చుచున్నవి గనుక మనము కొంచెము ఆగి ఆలోచించుట మంచిది.

ఈ చికిత్సలలో గ్యాస్ట్రిక్ బ్యాండు ఒకటి. ఇది సిలికోనుతో చేసిన మెత్తని పట్టీ. దీనిని జీర్ణకోశము పైభాగమున ఉంగరమువలె చుట్టుదురు. అప్పుడు దానికి పైన ఒక చిన్న సంచి ఏర్పడును. ఆ సంచి కొద్దిపాటి ఆహారముతోనే నిండును. పట్టీ లోపలి బుడగకు సన్నని గొట్టము కలిపి, దాని కొనను పొట్ట చర్మము క్రింద అమర్చుదురు. అందులోనికి సూదితో ఉప్పునీరు ఎక్కించినయెడల పట్టీ బిగియును, తీసినయెడల వదులగును. బిగించుటకు వీలగు ఇట్టి పట్టీలు 1980ల మధ్యకాలములో స్వీడను దేశమందును అమెరికాయందును తయారైనవి. 1993లో బెల్జియములో ఇథియోపియాకు చెందిన మితికు బెలాచ్యూ అను వైద్యుడు పెద్ద కోత లేకుండ, చిన్న రంధ్రములద్వారా దానిని అమర్చెను. 2001లో అమెరికా ప్రభుత్వము దానికి అనుమతి ఇచ్చెను.

చికిత్స జరిగిన దినముననే పని ముగిసినదని అనుకొనరాదు. మొదటి రెండు వారములు పలుచని ద్రవములే ఆహారము. తరువాత మెత్తగా మెదిపినవి, ఆ తరువాత మృదువైనవి, నెల దాటిన పిమ్మట మాత్రమే గట్టి పదార్థములు. పట్టీని మొదటిసారి బిగించుట సాధారణముగా నాలుగు మొదలు ఆరు వారముల తరువాత జరుగును. అప్పటినుండి చిన్న ముద్ద తీసికొని బాగుగా నమిలి నిదానముగా మ్రింగవలెను. భోజనముతోకూడ నీళ్లు త్రాగరాదు. తొందరపడి మ్రింగిన అన్నపు ముద్దయో చపాతీ ముక్కయో పీచుగల మాంసమో దారిలో చిక్కుకొని రొమ్ములో నొప్పి పుట్టించును, వాంతి తెప్పించును. ఇంత చేసినను బరువు ఒక్కసారిగా పడిపోదు. వారమునకు అర కిలోయో ఒక కిలోయో తగ్గుచు, రెండు సంవత్సరముల వరకు ఆ ప్రయాణము సాగును.

మరియొక సంగతి కలదు. పట్టీ గట్టి ఆహారమును ఆపును గాని ఐస్‌క్రీమును, పాయసమును, చక్కెర పానీయములను ఆపదు. అవి సులభముగా జారిపోవును. వాకిట నిలిచిన కావలివాడు బండ్లను ఆపగలడు గాని పిల్లివలె దూరిపోవువానిని పట్టుకొనలేడు. కాబట్టి "ఆపరేషనే అంతయు చేసినది" అనుట నిజము కాదు. బరువు తగ్గిన సహోదరి ప్రతి దినము మూడు పూటలు, ప్రతి ముద్దయొద్ద, మనము చూడని ఒక నిర్ణయము చేసికొనుచున్నది.

అట్లయిన సహాయము పొందుట చేత ఆ ప్రయాసము విలువ తగ్గిపోవునా? సిరియా సేనాధిపతియైన నయమానును జ్ఞాపకము చేసికొందము. యొర్దానులో మునుగుమని చెప్పగా అతడు కోపగించెను. స్వస్థత అంత సులభమైన మార్గమున రావలసినది కాదని అతని గర్వము చెప్పెను. గొప్ప కార్యమేదైన అడిగియుండినయెడల అతడు తప్పక చేసియుండునని అతని దాసులే గ్రహించిరి. కష్టముతో వచ్చినదే మేలు అను ఆ తలంపు నేడును మనలో బ్రదికియున్నది. హిజ్కియా రాజు విషయములో దేవుని వాగ్దానము కలిగిన తరువాతకూడ పుండుమీద అంజూరపు పండ్ల ముద్ద పెట్టిరి. ఆ ముద్ద వాగ్దానమును అవమానపరచలేదు. కంటికి అద్దములు పెట్టుకొని గ్రంథము చదువువానిని చూచి, "నీవు చదువలేదు, అద్దములు చదివినవి" అని ఎవరందురు?

ఇక నింద సంగతి చూతము. ఆకలి కేవలము మనస్సు యొక్క బలహీనత అని తలంచువారు 1944-45 సంవత్సరములలో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయములో జరిగిన ప్రయోగమును గమనింపవలెను. ఆన్సెల్ కీస్ అను శాస్త్రజ్ఞుని పర్యవేక్షణలో 36 మంది యువకులు ఇష్టపూర్వకముగా ఆరు నెలలు అరకొర ఆహారముతో జీవించిరి. వారు మనస్సాక్షి నిమిత్తము ఆయుధము పట్టుటకు నిరాకరించినవారు. క్వేకర్లు, బ్రెదరెన్, మెన్నొనైట్ సంఘములవారు వారిలో అనేకులుండిరి. అట్టివారికి మనోబలము లేదని ఎవరు చెప్పగలరు? అయినను బరువు దాదాపు నాలుగవ వంతు తగ్గేసరికి వారి తలంపులన్నియు ఆహారము చుట్టే తిరిగెను. కొందరు వంట పుస్తకములు చదువుచు కాలము గడిపిరి. మరల కావలసినంత భోజనము పెట్టినప్పుడు, కడుపు నిండినను ఆకలి తీరలేదని చెప్పినవారున్నారు.

2011లో ఆస్ట్రేలియా పరిశోధకులు స్థూలకాయులలోకూడ ఇట్టిదే చూచిరి. పథ్యముచేత బరువు తగ్గి ఒక సంవత్సరము గడచినను, ఆకలిని రేపు హార్మోన్లు మునుపటి స్థితికి రాలేదు. పోయిన బరువును తిరిగి తెచ్చుకొనవలెనని శరీరమే పోరాడుచున్నది. స్వీడనులో నాలుగువేల మందికి పైగా స్థూలకాయులను అనేక సంవత్సరములు పరిశీలించి 2007లో ఫలితములు ప్రకటించిరి. పది సంవత్సరముల తరువాత పట్టీ వేయించుకొన్నవారి బరువు సగటున 14 శాతము తక్కువగానుండెను. ఆహారమును ప్రేగులలో వేరు దారిని మళ్లించు బైపాస్ చికిత్సలో 25 శాతము తగ్గెను. సాధారణ చికిత్స మాత్రమే పొందినవారి బరువులో రెండు శాతమునకు మించిన మార్పు లేదు. వీరందరు బుద్ధిహీనులా? కారు.

పట్టీయు మానవుని చేతిపనియే గనుక చెడిపోవచ్చును. అది జారవచ్చును, జీర్ణకోశపు గోడను ఒరసికొని లోపలికి పోవచ్చును, గొట్టము కారవచ్చును. అనేకులకు దానిని తీసివేయవలసి వచ్చినది. తీసివేసిన తరువాత ఆకలి మరల వచ్చును, దానితో బరువును వచ్చును. ఈ కారణములచేత వైద్యులు ఇప్పుడు పట్టీని అరుదుగా వాడుచు, జీర్ణకోశములో అధిక భాగమును తీసివేయు స్లీవ్ అను చికిత్సను ఎక్కువగా చేయుచున్నారు. పరికరము తప్పిపోయినప్పుడు మనుష్యుడే తప్పిపోయినాడనుట యోబు స్నేహితుల తర్కము. బాధ కనబడినది గనుక పాపము ఉండియే తీరవలెనని వారనిరి.

అయితే బాధ్యత అసలే లేదని మేము చెప్పుటలేదు. మన చేతిలో ఉన్నది వేరు, లేనిది వేరు. హార్మోన్లు మన చేతిలో లేవు. ముద్దను నిదానముగా నమలుట, చక్కెర పానీయమును మానుట, చెప్పిన దినమున వైద్యునియొద్దకు పోవుట, తిన్నది దాచక చెప్పుట సాధారణముగా మన చేతిలోనివే. తలాంతుల ఉపమానములో అయిదు తలాంతులవాడు, రెండు తలాంతులవాడు ఒకే మెప్పును పొందిరి. వారు తెచ్చిన మొత్తములు సమానము కావు. ఉన్నదానిలో నమ్మకముగానుండుట సమానము. ఇరువది కిలోలు తగ్గినవాడును అయిదు కిలోలు తగ్గినవాడును త్రాసుమీద ఒక్కటి కారు గాని నమ్మకత్వములో ఒక్కటి కావచ్చును.

ప్రియ చదువరులారా, ఇక్కడ మన బాధ్యతకూడ ఉన్నది. బరువు తిరిగి పెరిగినవారు సిగ్గుచేత వైద్యునియొద్దకు పోవుట మానుదురు. సంఘ కూడికకు వచ్చుటయు మానుదురు. వదులైన పట్టీని బిగించుకొనవలసిన వారు, జారిన పట్టీని చూపించుకొనవలసిన వారు ఇంట దాగియుందురు. కావున మన నింద వట్టి మాటగా పోదు, వారి చికిత్సకే అడ్డుగా నిలుచును. ప్రేమవిందులో "అక్కా, ఇంత చాలునా? ఇంకొక గరిటె వేసికొనండి" అని బలవంతపెట్టుదుము. అదే సాయంత్రము, "ఆమె మరల లావెక్కినది చూచితిరా?" అని చెప్పుకొందుము. మొదటిది మర్యాద అనుకొందుము, రెండవది శ్రద్ధ అనుకొందుము. రెండును ఆమెకు భారమే.

ఈ నెలలో మన బల్లయొద్ద ఎవరైన కొంచెమే వడ్డించుకొన్నయెడల కారణము అడుగకుందము. ఎవరి శరీరమునుగూర్చియు, మెప్పుగానైనను సరే, మాటలాడకుందము. చాలకాలముగా కూడికకు రాని సహోదరియొద్దకు పోయి, బరువు ప్రస్తావన తేకుండ, "నీ చోటు ఖాళీగానున్నది, రమ్ము" అని చెప్పుదము. మనలో ఎవరును ఇతరుల సహాయము లేకుండ ఇంతవరకు వచ్చినవారము కాము.